ఒక కందపద్యపు నడక

(ఉద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఛందస్సును గూర్చి ప్రసంగమనగనే సభలో సగము మంది కాఫీ బల్లవైపు చూచుట సహజము. యమాతారాజభానస యని వల్లె వేయించిన పండితుని బెత్తము పెద్దలలో చాలమందికి నేటికిని జ్ఞాపకమే. అందుచేత నేను గణముల పట్టికను చదువబోను. ఒకే యొక్క పద్యమును ముందుంచుకొని, అది యెట్లు నడచుచున్నదో, ఎచ్చట తిరిగి తిరిగి ఒకే ధ్వనిని తాకుచున్నదో, ఆ నడక చెడినచో మనకు కలుగు నష్టమేమో చెప్పి విరమింతును.

ఇందుకు కారణము లేకపోలేదు. మన సంఘము పిల్లలకు పద్యపఠనపు పోటీలు జరుపుచున్నది. ఢిల్లీలో పుట్టి పెరుగుచున్న మన పిల్లలలో పెక్కుమందికి తెలుగు మాటలాడుట వచ్చును గాని, తెలుగు అక్షరము రాదు. అందుచేత పద్యములను నాగరి లిపిలోనో, రోమను లిపిలోనో అచ్చువేయించి పంచవలసినదని తల్లిదండ్రులు కొందరు కోరుచున్నారు. అక్షరము రానంతమాత్రమున పిల్లవాడు పద్యమునకే దూరము కావలెనా యని వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నయే. దానికి ఔననియో కాదనియో చెప్పుటకు ముందు, ఆ కాగితముపై పద్యములో ఏది నిలుచునో ఏది జారిపోవునో లెక్కవేసి చూడవలెను గదా! లెక్కలు మనవారికి క్రొత్త కాదు.

ప్రసిద్ధ పద్యమును తీసికొన్నచో దాని అర్థమును, కవి కీర్తియు మన చెవిని కమ్మివేయును. కావున ఈ లెక్క కొరకే ఒక కందమును నేను కూర్చితిని. కవిత్వమని దీనిని మీకు సమర్పించుట లేదు. గడియారపు లోపలి చక్రములను చూపుటకు మూత తీసిన గడియారమని భావింపుడు.

బదిలీ వెంబడి బదిలీ
కదిలెడి మా బ్రతుకులోన కదలని దేదీ?
మదిలో నమ్మయె నిలిపిన
పదములె తోడై వెడలును పలుకై పదమై.

అర్థము చెప్పనక్కరలేదు. పెట్టెలు కట్టుట, విప్పుట తెలిసినవారే ఈ సభలో నున్నారు.

ఇక నడక. తెలుగు పద్యమునకు కొలత కాలము. హ్రస్వాక్షరము లఘువు, ఒక మాత్ర. దీర్ఘము గురువు, రెండు మాత్రలు. సున్నతో కూడిన అక్షరము, ద్విత్వమునకో సంయుక్తమునకో ముందున్న అక్షరము, పొల్లుతో కూడిన అక్షరము కూడ గురువులే. కందమున ప్రతి గణమునకు నాలుగే మాత్రలు. మొదటి పాదమున మూడు గణములు, రెండవదానిలో ఐదు. మూడవదానిలో మరల మూడు, నాల్గవదానిలో ఐదు. మొత్తము పదునారు గణములు, అరువది నాలుగు మాత్రలు. చేతితో చరచి చూడుడు: బదిలీ, వెంబడి, బదిలీ - మూడు చరపులు. కదిలెడి, మాబ్రతు, కులోన, కదలని, దేదీ - ఐదు చరపులు. ‘బ్రతుకులోన’ యను మాట నడుమ విరిగినది చూచితిరా? మాట యొకచోట విరుగును, గణ మొకచోట విరుగును. ఆ రెంటి పెనగులాటలోనే నడకకు పొంకము వచ్చును. ప్రతి గణమును మాటతోనే ముగిసినచో పద్యము కవాతు చేయుచున్నట్లుండును. మొదటి పాదము కొంత అట్లే ఉన్నది. బదిలీ ఉత్తరువుపై నడచు నడకకు అది తగునని వదలివేసితిని.

నాలుగు మాత్రలుండినంత మాత్రమున ఏ గణమైనను ఎక్కడనైనను చెల్లదు. మొదటి రెండు పాదములును కలిపి ఎనిమిది గణములు గదా. వానిలో ఆరవది జగణమో, నాలుగు లఘువుల నలమో కావలెను. బేసిచోట్ల జగణము రాగూడదు. ఎనిమిదవ గణము గురువుతో ముగియవలెను. రెండవ సగమునకును ఇదే శాసనము. ఇక్కడ ఆరవ గణము ‘కులోన’. లఘువు, గురువు, లఘువు - జగణము. పదునాల్గవది, అనగా రెండవ సగమున ఆరవది, ‘వెడలును’, నాలుగును లఘువులే. ఆ ఆరవచోట నడక ఒక్కింత తొట్రుపడినట్లో, పరుగెత్తినట్లో ఉండి, చివరి గురువుపై వచ్చి కూర్చుండును. కందమును వినుచున్నప్పుడు పాదము ముగియవచ్చినదని చెవికి ముందుగనే తెలియుట ఇందువలననే. సుమతీశతకమునకు మకుటము ‘సుమతీ’ యగుట ఊరక జరిగినది కాదు. రెండు లఘువులు, ఒక గురువు. పద్యము చివరిచోట పెట్టుటకు కొలిచి కోసినట్లున్న సంబోధనము. కడపటి గురువును లాగి పిలిచినచో పిలుపును అగును, ఛందస్సును తీరును.

ఈ నడక నిన్నటిది కాదు. కరీంనగరము ప్రాంతమున కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టపై జినవల్లభుడు క్రీ.శ. 945 ప్రాంతమున చెక్కించిన శాసనమున మూడు తెలుగు కందములు కలవు. ఈ జినవల్లభుడు కన్నడ మహాకవి పంపని తమ్ముడు. ఆ శాసనమున సంస్కృత కన్నడములును గలవు. నన్నయ భారతమునకు నూరేండ్లకు పైగా ముందే, మూడు భాషలు పక్కపక్క నున్న రాతిపై, మన కందము తన పదునారు చరపులతో నిలిచియున్నది. మూడు భాషల నడుమ బ్రతుకు మనకు అది పరాయి దృశ్యము కాదు.

యతిని గూర్చి రెండు మాటలు. సంస్కృతమున యతి యనగా విరామము. మన యతి విరామము కాదు, మైత్రి. కందమున రెండవ, నాల్గవ పాదములలో మొదటి యక్షరమునకు ఆ పాదపు నాల్గవ గణపు మొదటి యక్షరము చుట్టము కావలెను. హల్లునకు హల్లును, అచ్చునకు అచ్చును కూడ. ఇక్కడ ‘కదిలెడి’కి ‘కదలని’, ‘పదములె’కు ‘పలుకై’. అంతకు మించి చెప్పను. యతులలోని భేదములలోనికి దిగినచో భోజనముల వేళకు తేలము.

ప్రాస సంగతి మాత్రము కొంత నిలిచి చూడదగినది. మన పిల్లలు బడిలో నేర్చు ఆంగ్ల గేయములలోను, హిందీ పద్యములలోను తుక్కు పాదము చివర నుండును. అందుచేత ప్రాస యన్న అది చివర నుండవలసినదే యని వారి తలంపు. మన ప్రాస పాదము తలలో, రెండవ అక్షరమున నుండును. బది, కది, మది, పద: నాలుగింటను రెండవ హల్లు దకారమే. దానిపై నున్న అచ్చు మారవచ్చును; మూడుచోట్ల ఇకారము, ఒకచోట అకారము. హల్లు మారరాదు. దకారము ఒంటరిగా ఉన్నచో నాలుగుచోట్లను ఒంటరిగానే ఉండవలెను. ఒకచోట ద, ఇంకొకచోట ద్ద కుదరదు. దాని ముందరి అక్షరము ఒకచోట లఘువైనచో అన్నిచోట్లను లఘువే. ‘బదిలీ’ మనకు అరబ్బీ మూలము నుండి హిందుస్తానీ మీదుగా కచేరీ కాగితములతో పాటు వచ్చిన మాట. వచ్చిన తరువాత కది, మదులతో పంక్తిని కూర్చున్నది. ప్రాసకు కులభేదము లేదు.

చివరి ప్రాసకును తలప్రాసకును ఫలము వేరు. చివరి ప్రాస, అయిపోయిన పాదమును జ్ఞాపకము చేయును. తలప్రాస, రాబోవు పాదమునకు తలుపు తీయును. పద్యము నడుమ మరచి నిలిచిపోయిన పిల్లవానికి ‘మది’ యని తొలి రెండక్షరములు అందించినచో చాలును, మిగిలినది తానే వచ్చును. అచ్చుయంత్రములు లేని కాలమున తాటాకుపై పాదవిభాగము లేకుండ ఏకధారగా వ్రాసినప్పుడు, పాదమెక్కడ మొదలయ్యెనో చదువరికి పట్టియిచ్చుటకు ఈ రెండవ అక్షరము ఎంతయో సాయపడినది.

ఈ సొత్తు మన యొక్కరిదే యనుకొనరాదు. మీ కచేరీలో పక్క బల్లవద్ద కూర్చున్న తమిళ మిత్రుని అడుగుడు. ఎదుగై యని ఆయన దీనినే చెప్పును. కన్నడమున ఆదిప్రాస మనవలెనే నియతము. మలయాళమున ద్వితీయాక్షర ప్రాస తప్పనిసరియా కాదా యని పెద్ద వివాదమే నడచినది. కేరళవర్మ వలియ కోయిత్తంపురాన్ ఒకప్రక్క, ఆయన మేనల్లుడు ఎ.ఆర్. రాజరాజవర్మ మరియొక ప్రక్క. మేనమామ, మేనల్లుడు ఒక అక్షరమునకై పోరాడిన సాహిత్యము గౌరవింపదగినదని నా మనవి.

పునరుక్తిని గూర్చి. చెప్పినదే చెప్పుట దోషమని శాస్త్రము. కాని మన భాషకు పునరుక్తి పుట్టుకతో వచ్చినది. పగలు పగలు పట్టపగలైనది. చివర చివర చిట్టచివరయైనది. బయలు బయలు బట్టబయలైనది. ఊరూర, ఇంటింట అనకుండ మనకు ప్రొద్దు గడువదు. కావున చూడవలసినది, రెండవసారి వచ్చినప్పుడు ఆ మాట ఏదైన క్రొత్తది తెచ్చుచున్నదా లేదా యనుటయే. ఈ పద్యమున ‘బదిలీ’ రెండుమారులు ఏ మార్పును లేకుండ వచ్చినది. అది విసుగును విసుగుగానే చెప్పుట; ఉత్తరువుపై ఉత్తరువు వచ్చినప్పుడు రెండవది మొదటిదానికంటె రసవత్తరముగ నుండదు గదా. ‘కదిలెడి, కదలని’ యన్నచోట ఒకే ధాతువు ఒకసారి ఔనని, ఒకసారి కాదని పలికినది. పద్యములోని ప్రశ్నయంతయు ఆ మార్పులోనే ఉన్నది. ‘పదములె’ యన్నప్పుడు పదము మాట. చివర ‘పదమై’ యన్నప్పుడు అది క్షేత్రయ్య పదమువంటి పాట. మాటగా బయలుదేరినది పాటగా చేరినది. తోడై, పలుకై, పదమై యని చివరి పాదమున ఐకారము ముమ్మారు మ్రోగినది. శాస్త్రము దానిని అడుగలేదు. అడుగకుండ వచ్చిన ప్రాసకు చవి ఎక్కువ.

ఇప్పుడీ పద్యమును నాగరిలో వ్రాసి ఒక పిల్లవాని చేతికిత్తము. తెలుగున ఎ, ఏ లు వేరు. ఒ, ఓ లు వేరు. హిందీ పాఠ్యపుస్తకముల నాగరిలో ఈ భేదమునకు గుర్తు లేదు. హ్రస్వములకు వేరు చిహ్నములు ఏర్పడియున్నను బడిపిల్లలు వానిని చూచియుండరు. కావున వాడు ప్రతి ఎకారమును ఏకారముగనే చదువును. మన పద్యమున హ్రస్వమైన ఎకారములు ఐదు. ‘వెంబడి’లోనిది సున్న వలన ఎటులైనను గురువే, ఉచ్చారణ చెడును గాని మాత్ర చెడదు. మిగిలిన నాలుగును దెబ్బతినును. కదిలేడి, అమ్మయే, పదములే, వేడలును. ఒక్కొక్కటి ఒక్కొక్క మాత్ర పెరిగి అరువది నాలుగు కాస్త అరువది ఎనిమిదియైనది. నాలుగు మాత్రలనగా నిండుగ ఒక గణము! ‘వెడలును’ వేడలుగ మారినప్పుడు ఆరవ గణపు నియమమును పోయినది, అర్థమును పోయినది.

అంతతో ఆగదు. మన భాష అజంతము. ప్రతి మాటయు అచ్చుతో ముగియును. హిందీ వాడుక పలుకుబడిలో మాట చివరి అకారమును, తరచుగా నడిమి అకారమును జారిపోవును. రామ యని వ్రాసి రామ్ అందురు. ఆ నాలుక తెలుగు పద్యముపై నడచినచో ‘బ్రతుకులోన’ బ్రతుకులోన్ అగును. పొల్లు తన ముందరి అక్షరమును గురువు చేయును; కాని ‘లో’ యదివరకే గురువు. కనుక పోయిన మాత్రకు బదులు రాదు. గణము మూడు మాత్రలతో కుంటును. తక్కిన చోట్ల ఇంకొక విచిత్రము. ‘పదములె’ పద్ములె యైనచో మాత్రలు నాలుగే, లెక్క సరియే. కాని ప్రాసస్థానమున దకారము మకారముతో జంటకట్టినది, ముందరి లఘువు గురువైనది. ప్రాస రెండు విధముల భగ్నము. ‘వెడలును’ వెడ్లును అయినచో నాలుగు మాత్రలే, కాని భగణము. ఆరవచోట భగణము నిలువదు. ‘పదమై’ పద్మై యగును; పాట పోయి తామరపువ్వు వచ్చినదని సంతోషింపవలెనేమో! మాత్రలు కూడి సరిపోయినను పద్యము చచ్చియుండవచ్చుననుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

రోమను లిపి సంగతి చెప్పనే అక్కరలేదు. నేడు చేతిఫోనులలో మనమందరము వాడు పద్ధతిలో హ్రస్వ దీర్ఘములు కలిసిపోవును, ద డ లు కలిసిపోవును. ప్రాసాక్షరమే పోల్చుకొనరానిచోట ప్రాస యెక్కడిది?

ఇది హిందీపై నేరారోపణము కాదు. ఉత్తరదేశమున ఇంటింట చదువు తులసీదాసు మానసమును చూడుడు. చౌపాయి పాదమునకు పదునారు మాత్రలు. వాడుకలో జారిపోవు అకారమును ఆ ఛందస్సు లెక్కలోనికి తీసికొనును. అవధీలో హ్రస్వమైన ఎకారము కలదు. దానికిని నాగరిలో వేరు గుర్తు లేదు. అయినను నడక వచ్చిన పాఠకుడు ఎచ్చట ఏకారమును కుదించి పలుకవలెనో తప్పక కుదించును. లిపి దాచినదానిని ఛందస్సు చెప్పుచున్నది. నేను పట్టుకొనదలచినది ఈ కొసనే. కాగితముపై ఏ లిపి యున్నదనునది రెండవ ప్రశ్న. కాగితము చేతికి వచ్చుటకు ముందు చెవిలో నడక యున్నదా లేదా యనునది మొదటి ప్రశ్న. నడక తెలిసిన బాలిక ‘కదిలేడి’ యనగనే ఐదవ మాత్ర వద్ద చేయి తడబడి, తానే వెనుకకు మరలును. నడక తెలియని బాలునకు చక్కని తెలుగు అచ్చు నిచ్చినను ఒకటే, నాగరి నిచ్చినను ఒకటే.

కావున తల్లిదండ్రుల కోరికకు నా సమాధానము ఇది. నాగరిలో అచ్చువేయింపుడు, అభ్యంతరము లేదు. కాని హ్రస్వమైన ఎకార ఒకారములపై చిన్న గుర్తు పెట్టించి, దాని క్రిందనే తెలుగు లిపిలోను వేయింపుడు. ఆ కాగితమును మూడవ వారమున గాని పంచవలదు. మొదటి వారము చరపులు మాత్రమే. మూడు, ఐదు, మూడు, ఐదు. మాటలు లేకున్నను సరియే, ‘తకధిమి’ చాలును. రెండవ వారము ఇంటనున్న అమ్మమ్మయో తాతయ్యయో పద్యమును నోట చెప్పవలెను, పిల్లలు విని చెప్పవలెను. ఇంట అట్టివారు లేనిచో మన సంఘములో ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు కలరు. ఆదివారము ఉదయము వారికిని తోచుబడి కావలసియున్నది. మూడవ వారమున తెలుగు లిపిని చూపినచో, తమకు తెలిసిన ధ్వనికి ఇది గుర్తు అని పిల్లలు అక్షరమును ఆటవలె పట్టుకొందురు. అక్షరము నుండి పద్యమునకు పోవు త్రోవ కంటె, పద్యము నుండి అక్షరమునకు వచ్చు త్రోవ దగ్గర.

పోటీల న్యాయనిర్ణేతలకు ఒక మనవి. రంగస్థలపు రాగాలాపన నాకును ప్రీతియే. కాని రాగమున ప్రతి అచ్చును సాగును; లఘువును గురువును ఒకే దుప్పటి క్రింద నిద్రించును. తప్పు ఉచ్చారణకు రాగమువంటి చాటు మరియొకటి లేదు. కనుక పిల్లలచేత ముందుగా రాగము లేకుండ ఒకసారి, పిదప వారి యిష్టము వచ్చినట్లు ఒకసారి చదివింపుడు. మార్కులు మొదటిదానికి ఎక్కువగ నుండనిండు.

ముందు వరుసలోని బాలబాలికలారా, పెద్దలు కాఫీకి లేచులోపల మనము ఒకసారి చరచి చూతము. కాగితములు క్రింద పెట్టుడు. చేతులు సిద్ధముగ నుంచుడు. మొదట మూడు చరపులు.